సున్నం గుర్తు

2 మార్చి 2008, ఆదివారం

ఆదివారం డ్యూటీ చేసి వచ్చాను. బొగ్గు బాయిలోంచి టబ్బులను పైకి లాగే హాలేజ్ తాడుకు క్యాపింగ్. టబ్బులకు తగిలించే చివర తీగలు లేచి పాడైపోయింది. ఆ ముక్క ఆరడుగులు కోసేసి కొత్త చివరకు ఇనుప తొడుగు, అదే క్యాపెల్, బిగించాం. ఖాళీ టబ్బు తగిలించి కొంచెం దూరం నడిపి చూశాం. ఎక్కడా జారలేదు. నా చేతిపని బాగుంటుంది. ఈ మాట నేను తప్ప ఎవరూ అనరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మిగిలింది సున్నం గుర్తు. హాలేజ్ గదిలో కూర్చున్న సదయ్య బావకు టబ్బులు కనపడవు. తాడు మీద పూసిన సున్నం గుర్తు తాడు చుట్టే డ్రమ్ము పక్కనున్న ఇనుప స్తంభం దగ్గరికి రాగానే బ్రేకు వేస్తాడు. అక్కడ పైన టబ్బులు ఆగాల్సిన చోట ఆగుతాయి. ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. ఇప్పుడు తాడు ఆరడుగులు పొట్టిదయింది కాబట్టి గుర్తును కూడా డ్రమ్ము వైపు ఆరడుగులు జరపాలి. జరపకపోతే టబ్బులు ఆరడుగులు ముందుకొచ్చి ఆగుతాయి.

సున్నం డబ్బా గడ్డకట్టి ఉంది. స్టోరుకు తాళం. రేపు పొద్దున షిఫ్టు మొదలయ్యే లోపల పెట్టేస్తాను. రిజిస్టరులో మాత్రం అన్ని గళ్ళూ నింపి సంతకాలు చేసేశాను, ‘గుర్తు సరిచేయబడినది’ అన్న గడితో సహా. అందరం అంతే చేస్తాం. ఒక్క సంతకం కోసం మళ్ళీ ఆఫీసు మెట్లు ఎవడెక్కుతాడు?

అసలు తొందర వేరే ఉంది. నెట్ సెంటర్లో పారేసిన పాత మౌసులు రెండు దీప తెచ్చి పెట్టింది. కింద గోళీ ఉండే రకం. బావ కూతురు దీప కరీంనగర్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. జూన్‌లో వాళ్ళ కాలేజీలో రోబోల పోటీ. అందరూ బొమ్మ కార్లు చేస్తుంటే ఇది హాలేజ్ చేస్తానంది. వాలుగా ఒక పలక, దాని మీద చిన్న బండి, పైన మోటారు, డ్రమ్ము, దారం. మనిషి ఉండడు. డ్రమ్ము ఎంత తిరిగిందో యంత్రమే లెక్కపెట్టుకుని బండిని గీత దగ్గర ఆపాలి. అలా లెక్కపెట్టే సామానును ఎన్‌కోడర్ అంటారట. కొనాలంటే మోటారు కంటే దానికే ఎక్కువ. “మనమే చేద్దాం మామా, మౌసుల ఉంటది గది,” అంది.

నా భార్య అనసూర్య పోయినప్పటి నుంచి నా కంచం అక్క ఇంట్లోనే. సాయంత్రం బావా నేనూ పక్కపక్కన కూర్చుని తిన్నాం. అక్క చింతచిగురు పప్పు చేసింది.

3 మార్చి, సోమవారం

పొద్దున ఆరింటికి మౌసు విప్పాను, ఒక్క నిమిషం చూసి బాయికి వెళ్దామని. లోపల రెండు చిన్న చక్రాలున్నాయి, చుట్టూ సన్నటి పళ్ళతో. ఒక పక్క కంటికి కనపడని వెలుగునిచ్చే బల్బు, ఇంకో పక్క ఆ వెలుగును చూసే కన్ను. పన్ను అడ్డొస్తే వెలుగు ఆగుతుంది, సందు వస్తే దాటుతుంది. ఎన్నిసార్లు దాటిందో అదే లెక్క. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి చేతులు కడిగి నీళ్ళు తాగాలి.

గడియారం చూసేసరికి ఏడున్నర. షిఫ్టు మొదలై అరగంట. ఇక వెళ్ళినా మస్టరు దగ్గర తిట్లే. నాగా పెట్టేశాను. గుర్తు మధ్యాహ్నం వెళ్ళి పెట్టి వస్తాను. మొదటి షిఫ్టులో బావే ఉన్నాడు, చూసుకుంటాడు.

మొగిలి పోయాడు.

4 మార్చి

బాయి పైన టబ్బులు ఆగే చోట కొక్కెం విప్పటం మొగిలి పని. నిన్న మొదటి షిఫ్టులో బొగ్గు టబ్బులు పైకి వచ్చాయి. రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. టబ్బులు ఆగలేదు. ఆగాయి, ఆరడుగులు ముందుకొచ్చి ఆగాయి. దవాఖానకు తీసుకెళ్ళేలోపలే అయిపోయింది.

బావ పాడె మోశాడు. దింపిన తర్వాత కూడా భుజం అలాగే ఎత్తిపెట్టి ఉంచాడు. నేనే చెయ్యి వేసి దించాను.

6 మార్చి

ఎంక్వయిరీకి పిలిచారు. క్యాపింగ్ తర్వాత గుర్తు సరిచేశావా అని అడిగారు. రిజిస్టరు నా ముందే తెరిచి ఉంది, నా సంతకంతో. సరిచేశానన్నాను. ఇంకేమంటాను, సంతకం ఉంటే.

తాడు ఉంటే కొలిచేవాళ్ళు. నలిగిందని సోమవారం మధ్యాహ్నమే దింపేసి కొత్త తాడు ఎక్కించారు. పాతది తుక్కులో కలిసిపోయింది.

బ్రేకు దగ్గర నిద్రపోయాడని బావను సస్పెండ్ చేశారు. “గుర్తు స్తంభం కాడికి వచ్చినంకనే బ్రేకు ఏసిన,” అని అతను అక్కడున్న ప్రతి ఒక్కరికీ చెప్పాడు. చాయ్ తెచ్చినవాడికి కూడా.

ఆదివారం సాయంత్రం అన్నం దగ్గర నేను బావతో చెప్పాను, గుర్తు ఇంకా జరపలేదని. చెప్పాననే జ్ఞాపకం.

9 మార్చి, ఆదివారం

దీప ప్రాజెక్టు మానేస్తానంది. బావ ఒప్పుకోలేదు. “మనిషి లేకుంట నడిసే హాలేజ్ గద బిడ్డా, జల్ది చెయ్యి. నా అసొంటోడు లేకుంటెనే నయం.” అక్క లోపలికి వెళ్ళిపోయింది.

సరే, పని. మౌసు చక్రం పనికిరాలేదు. చూడముచ్చటగా ఉంది గానీ గోరంత. డ్రమ్ము ఇరుసుకు బిగిస్తే వంకరగా తిరిగి కన్నుకు తగులుతోంది. పళ్ళే అక్కర్లేదంది దీప. తెల్ల కాగితాన్ని గుండ్రంగా కోసి, దాని మీద నల్ల గీతలు గీసి, డ్రమ్ము చెంపకు అంటిస్తే చాలట. బల్బూ కన్నూ పక్కపక్కనే పెట్టాలి. తెలుపు ఎదురైతే వెలుగు తిరిగి వస్తుంది, నలుపు ఎదురైతే రాదు. బల్బూ కన్నూ ఆ మౌసులోవే వాడుకోవచ్చు.

కంపాస్ పెట్టి పదహారు నల్ల గీతలు గీశాను. స్కెచ్ పెన్నుతో దిద్దాను. అచ్చు వేసినట్టు వచ్చాయి. తిప్పితే, లెక్క చూపే బోర్డు మీద సున్నా కదలదు. మధ్యాహ్నమంతా తిప్పాను. సున్నా.

పనికిరాని ఆ కాగితం చక్రాన్ని పారేయబుద్ధి కాలేదు. ఈ పుస్తకంలోనే 2వ తేదీ పేజీ మీద జిగురు రాసి అంటించాను. ఎక్కడో ఒకచోట అంటించాలి కదా.

15 మార్చి

కారణం తెలిసింది. మన కంటికి నలుపు అయినది దానికి నలుపు కాదు. దీప ఫోన్‌లో కెమెరా ఉంది, అందులోంచి చూస్తే ఆ కనపడని వెలుగు కనపడుతుంది. స్కెచ్ పెన్ను గీత మీద కూడా తెలుపు మీద పడ్డట్టే మెరుస్తోంది. మనం నల్లనిదని ఒట్టేసి చెప్పేది దానికి తెల్ల కాగితమే.

“కార్బన్ ఉండాలె మామా, గప్పుడే దానికి నలుపు,” అంది దీప. నేను నవ్వాను. గోదావరిఖనిలో కూర్చుని కార్బన్ కోసం వెతుక్కోవాలా? పొయ్యి దగ్గరి బొగ్గు పెళ్ళ తీసి, గుడ్డలో కట్టి దంచి, జల్లించి, ఫెవికాల్‌లో కలిపి, ఇంకో కాగితం చక్రం కోసి దాని గీతలకు పూశాను. ఆరాక తిప్పితే, పదహారు. మళ్ళీ తిప్పితే, ముప్పై రెండు. దీప చప్పట్లు కొట్టింది. బావ మంచం మీంచి తల తిప్పి చూసి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

నవ్వానని రాశాను. మొగిలి పోయి పన్నెండు రోజులు.

17 మార్చి

చెప్పాను. ఆ ఆదివారం అక్క చారు పోస్తున్నప్పుడు చెప్పాను. అతను సరే అన్నాడు.

22 మార్చి

మొగిలి భార్య లింగవ్వ నీళ్ళ పంపు దగ్గర అక్కకు ఎదురైంది. నేను సైకిల్ దిగి పక్కనే ఉన్నాను. అక్క బిందె పక్కకు జరిపి ముందు నువ్వు పట్టుకో అంది. లింగవ్వ పట్టుకోలేదు.

“నీ మొగడు పండుకున్నడు కనకవ్వా. నా మొగడు లేస్తలేడు.”

గట్టిగా అనలేదు. ధర అడిగినట్టు అంది. అక్క ఖాళీ బిందెతో ఇంటికి వచ్చి, ఆ బిందెనే చాలాసేపు తోమింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో రాయను.

30 మార్చి

చెప్పాను.

6 ఏప్రిల్, ఆదివారం

ఎండలు మొదలయ్యాయి. లోపల పదహారు చూపే చక్రం వాకిట్లో పెడితే ఒకటీ చూపదు. ఎండలో కూడా ఆ కనపడని వెలుగు ఉంటుందట, కన్ను దాంతోనే నిండిపోయి గీతలు దానికి ఆనవు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి బల్బుకూ కన్నుకూ ఒక్కొక్క తొడుగు వేశాను. సరిపోయింది.

ఇంకో తంటా. ఈ ఊళ్ళో దేన్నైనా నల్లగా చెయ్యటం సులువు, తెల్లగా ఉంచటమే కష్టం. ఒక్క రోజు మూత పెట్టకపోతే తెల్ల గీతల మీద దుమ్ము కూర్చుంటుంది, లెక్క పదమూడుకో పద్నాలుగుకో పడిపోతుంది. రోజూ పొద్దున తడిగుడ్డతో తుడవటం బావ తన పనిగా పెట్టుకున్నాడు. డ్యూటీకి వెళ్ళే టైముకు లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని, వచ్చి చక్రం తుడుస్తాడు. తరువాత చెయ్యటానికి ఏమీ ఉండదు.

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడు. నేను చెప్పకపోయినా కొత్త క్యాపెల్ చూసి, తాడు కోశారా అని అడగాలి కదా.

హాలేజ్ గదిలోంచి క్యాపెల్ కనపడదు. నాకు తెలుసు.

20 ఏప్రిల్, ఆదివారం

వింత. మోటారు ఆపేశాం, డ్రమ్ము కదలటం లేదు, బోర్డు మీద అంకె మాత్రం పెరుగుతోంది. 48, 49, 50, 51. దయ్యం పట్టినట్టు. దీప వంగి చూసి కనిపెట్టింది. చక్రం సరిగ్గా నలుపూ తెలుపూ కలిసే అంచు మీద ఆగింది. ఫ్యాను గాలికి రవ్వంత వణుకుతోంది. వణికినప్పుడల్లా తెలుపు, నలుపు, తెలుపు. అది ముందుకు పోతున్నాననుకుంటోంది.

“ఒక్క కన్నుకు ఎన్ని గీతలో ఎర్క గాని, ముందుకు పోతున్నదో ఎనుకకు పోతున్నదో ఎర్క కాదు మామా. రెండో కన్ను కావాలె. గీతల సగం దూరం పక్కకు పెట్టాలె. ముందు ఏ కన్ను జూస్తే గటు తిరుగుతున్నట్టు.”

రెండో మౌసు విప్పి, రెండో కన్ను తీసి, సగం గీత దూరానికి అతికించాను. ఏడుసార్లు ఊడింది. ఎనిమిదోసారి నిలిచింది. ఇప్పుడు చక్రం వణికితే అంకె ఒకటి పెరిగి ఒకటి తగ్గి, ఉన్నచోటే ఉంటోంది.

నాకు మాత్రం రోజూ అంకె పెరుగుతోంది. నలభై తొమ్మిది రోజులు. ఎక్కడికీ పోలేదు.

27 ఏప్రిల్

వెనక్కి తిప్పి చూడలేదు. చూస్తే జిగురు ఊడుతుందని.

4 మే

బావ మాట మారింది. “గుర్తు వచ్చినంకనే బ్రేకు ఏసిన” అనటం మానేశాడు. ఇవాళ చాయ్ తాగుతూ, “బామ్మర్దీ, గుర్తు నువ్వు జరిపినవు, టబ్బులు ముంగటికొచ్చినయ్. అంటే నా కన్ను అంటుకున్నట్టే గద?” అన్నాడు.

నేను... చాయ్‌లో చక్కెర తక్కువైందన్నాను.

“రెప్ప ఏస్తె చాలు, ఆరడుగులు పోతయ్. గా ముందురాత్రి నిద్ర మంచిగనే పోయిన. మరి ఎట్ల అంటుకున్నదో.” నన్ను అడుగుతున్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు. నాకు తెలుసు, అతనికి తెలియదు, మా ఇద్దరి మధ్య చాయ్ గ్లాసులు ఉన్నాయి.

11 మే, ఆదివారం

ఈ రోజు సంగతి పూర్తిగా రాయాలి.

బయట నిప్పులు కురుస్తున్నాయి. తలుపులు వేసి, బండి తీసేసి ఉత్త డ్రమ్మును తిప్పి చూస్తున్నాం, ఎక్కువ చుట్లు తిరిగినా లెక్క తప్పుతుందా లేదా అని. బావ లేచి వచ్చి స్టూలు వేసుకుని డ్రమ్ము ముందు కూర్చున్నాడు. హాలేజ్ గదిలో కూర్చున్నట్టే, ఎడమ చెయ్యి మోకాలి మీద, కుడి చెయ్యి లేని బ్రేకు మీద.

“బిడ్డా, నీ మిషన్ లెక్కవెట్టనీ. నేను గుడ లెక్కవెడ్త. అంకె నాకు చూపెట్టకు.”

దీప బోర్డును తన వైపు తిప్పుకుంది. మోటారు వేసింది. డ్రమ్ము మీద ఒకచోట దారం ముడి ఉంది, బావ దాన్నే చూస్తున్నాడు. పెదాలు కదలటం లేదు. అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, బ్యాటరీ మీద మోటారు నడుస్తూనే ఉంది. బావ కనుబొమ్మల మీంచి చెమట కారి కంట్లో పడింది. తుడుచుకోలేదు. రెప్ప కూడా వేసినట్టు నాకు కనపడలేదు.

చాలాసేపటికి చెయ్యి ఎత్తాడు. “ఆపు. మూడు వందలు.”

దీప బోర్డు చూసింది. 4800. పదహారుతో భాగిస్తే సరిగ్గా మూడు వందలు. ఒక్క గీత అటూ ఇటూ లేదు. దీప గంతేసి తండ్రి మెడ పట్టుకుంది. “నాయినా! మిషన్ తోటి సమానం! ఒక్కటి గుడ తప్పలే! నువ్వు నిద్రపోయినవంటే ఎవ్వలు నమ్ముతరు?”

బావ దాని చేతులు మెల్లగా విడిపించాడు.

“ఇయ్యాల మంచిగనే జూసిన బిడ్డా. గా పొద్దు జూడలే. గా పొద్దు జూసుంటే మొగిలి ఉంటుండె.”

లేచి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దీప నా వైపు చూసింది, నువ్వన్నా చెప్పు మామా అన్నట్టు.

చెప్పలేదు. మార్చి రెండు, ఆ ఆదివారం సాయంత్రం కూడా చెప్పలేదు. చారు పోస్తున్నప్పుడూ చెప్పలేదు, ఆ రోజు చారు లేదు, చింతచిగురు పప్పు. అన్నం తిన్నంతసేపూ నేను మౌసు గురించే మాట్లాడాను. గోళీ ఎలా తిరుగుతుందో ముద్ద చేత్తో పట్టుకుని చూపించాను. బావ నవ్వాడు. “నీకు ఉద్యోగం బాయిల కాదు బామ్మర్దీ, బొమ్మల దుకాణంల ఇయ్యాలె,” అన్నాడు.

12 మే

రేపు చెప్తాను.

13 మే

రేపు.

25 మే

బండి పలక మీద అద్భుతంగా నడుస్తోంది. మూడడుగుల పలక, గీత దగ్గర ముక్కు ఆనించి ఆగుతోంది. ఇరవైసార్లు నడిపితే ఇరవైసార్లూ. నిజం చెప్తే నా ఉద్యోగం పోతుంది. తప్పుడు సంతకం, తప్పుడు వాంగ్మూలం, కేసు కూడా పెట్టవచ్చు. అక్క మొహం చూడలేను. ఇవన్నీ నిన్న రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను. అసలు కారణం ఇవేవీ కాదని కూడా తెలుసు. లింగవ్వ నన్ను చూసి ఆ మాట అంటే నేను తట్టుకోలేను. బావ తట్టుకుంటున్నాడు కదా అని అతనికే వదిలేశాను.

8 జూన్

బావ ఒప్పుకోలు రాసి ఇచ్చేశాడు. ‘విధి నిర్వహణలో నిద్రించినందున ప్రమాదము జరిగినది’ అని. యూనియన్ ఆఫీసులో ఎవరో చెప్పారట, ఒప్పుకుంటే కనికరిస్తారని. బావ కనికరం కోసం రాయలేదు. రాసి వచ్చి, మొదటిసారి లింగవ్వ ఇంటికి వెళ్ళి గడప బయట కూర్చున్నాడట. ఆమె తలుపు వేసుకుంది. తలుపు వేసుకున్నా గంటసేపు కూర్చుని వచ్చాడు.

16న ఆఖరి విచారణ. ఉద్యోగం తీసేస్తారనే అంటున్నారు.

12 జూన్, గురువారం

చెప్పాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర, అక్క ఉండగానే, దీప ఉండగానే. ముద్ద పక్కన పెట్టి చెప్పాను. “బావా, గుర్తు నేను జరపలేదు. సంతకం ముందే పెట్టాను. సోమవారం రాలేదు. నువ్వు సరిగ్గానే బ్రేకు వేశావు. మొగిలి చావుకు కారణం నేను.” వంద రోజుల పాటు నోట్లో పెట్టుకున్న మాట, పది క్షణాలు కూడా పట్టలేదు.

 బావ కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టి, ఎడమ చేత్తో నా తల దగ్గరికి లాక్కున్నాడు.

“పిచ్చోడా. నా కోసం గింత అబద్ధం ఆడుతవా?”

అబద్ధం కాదన్నాను. ఒట్టు వేశాను.

“రిజిస్టరుల నీ సంతకం ఉన్నది. స్టేట్‌మెంట్ల చెప్పినవ్. ఇప్పుడు నన్ను బతికిచ్చెటందుకు నువ్వు ఆగమైతనంటె నేను ఒప్పుకోను. ఒక్కింట్ల ఒక్కడు చాలు. తిను.” అక్క వైపు తిరిగి, “ఇంటున్నవా? నీ తమ్ముడు గిసొంటోడు,” అన్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

తిన్నాను. ఈ పుస్తకంలో ఒక పేజీ ఉందని చెప్పలేదు.

13 జూన్

నేను చెప్పాను. ఇది మాత్రం నిజంగా చెప్పాను. నమ్మకపోతే నేనేం చేసేది?

క్వార్టర్ల వరసంతా తెలిసిపోయింది. బావే చెప్పుకుంటూ తిరిగాడు, బామ్మర్ది తప్పు తన మీద వేసుకోబోయాడని. పాల కేంద్రం దగ్గర ఒక పెద్దమనిషి లేచి నా భుజం తట్టాడు. “మనిషంటె నువ్వు ఎల్లేశం,” అన్నాడు. పాలు తీసుకోకుండా వచ్చేశాను.

14 జూన్, శనివారం

దీప రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. నిన్న మొన్న అందరూ నన్ను మెచ్చుకుంటుంటే అది మాత్రం నా చేతుల వైపు చూస్తోంది. ఇవాళ పొద్దున పలకా డ్రమ్మూ మోసుకుని ఒక్కతే నా గదికి వచ్చింది.

“ఎన్ని అడుగులు కోసినవ్?”

“ఆరు.”

బండికి కట్టిన దారం విప్పింది. స్కేలు పెట్టి చివర ఆరు అంగుళాలు కొలిచి, కత్తెరతో కోసింది. మళ్ళీ కట్టింది. బోర్డులో అంకె మార్చలేదు. గీత దాటాక ఆరంగుళాల లోపలే ఒక అగ్గిపెట్టెను నిలబెట్టింది. బండిని కిందికి దించి, స్విచ్ వేసింది.

డ్రమ్ము తిరిగింది. బండి గీత దగ్గరికి వచ్చింది, దాటింది, అగ్గిపెట్టెను పడగొట్టి ఆగింది. బోర్డు మీద రోజూ వచ్చే అంకే ఉంది. ఒక్క గీత ఎక్కువ లేదు.

“లెక్క కరెక్టే ఉన్నది,” అంది. స్విచ్ ఆపేసింది. “నాయిన లెక్క కరెక్టే ఉన్నది.”

అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. తండ్రి కోసం ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

కళ్ళు తుడుచుకుని అడిగింది. “ఆఫీసోళ్ళు గీ బొమ్మను జూసి నమ్మరు. నాయిన గుడ నమ్మడు. ఆ పొద్దు ఎక్కడన్న రాసిపెట్టినవా? నువ్వు రోజు ఏదో రాస్తవ్ గద.”

లేదని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. పుస్తకం తీసి 2వ తేదీ పేజీ తెరిచాను. దీప ఆ స్కెచ్ పెన్ను చక్రం అంచుకు గోరు పెట్టి మెల్లగా లాగింది. సగం కాగితం జిగురుతో పాటు లేచింది, అక్షరాలు అక్కడక్కడా ఊడాయి. ‘సున్నం డబ్బా గడ్డకట్టి ఉంది’ మిగిలింది. ‘రేపు పొద్దున’ మిగిలింది. సంతకాల సంగతి మొత్తం మిగిలింది.

ఆ పేజీ చింపి ఇస్తానన్నాను.

“చింపితే ఎవ్వలు నమ్మరు. నిన్న రాసినవంటరు. బుక్కు మొత్తం కావాలె.”

మొత్తం. అంటే చారు పోస్తున్నప్పుడు చెప్పానని రాసింది కూడా. చెప్పాను, చెప్పాను అని రాసినవన్నీ. మొగిలి పోయిన పన్నెండో రోజున నేను నవ్వింది. లింగవ్వ మాట. రేపు, రేపు. ఆఫీసులో ఎవరో గుమాస్తా వీటిని గట్టిగా చదువుతాడు. బావ వింటాడు. నన్ను దగ్గరికి లాక్కున్న మనిషి వింటాడు.

సోమవారం పొద్దున వస్తానంది. పలకా డ్రమ్మూ మోసుకుని వెళ్ళిపోయింది. నేను చేసిన చక్రాన్ని డ్రమ్ము నుంచి ఊడదీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

15 జూన్, ఆదివారం

చక్రం మీద దుమ్ము పడింది. తుడవటానికి బావ రాలేదు, చక్రం ఇక్కడుందని అతనికి తెలియదు. నేనే తుడిచాను.

16 జూన్, సోమవారం

ఎనిమిదిన్నర. కొన్ని పేజీలు కాల్చేద్దామని అగ్గిపెట్టె తీశాను. దీప నిలబెట్టిన అగ్గిపెట్టే. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

చదివేవాళ్ళ కోసం ఒక్కటి సరిచేస్తున్నాను, ఎందుకంటే పైన చాలాచోట్ల వేరేలా రాశాను. మార్చి రెండున తాడు కోసింది నేను. గుర్తు జరపలేదు. జరిపినట్టు సంతకం చేశాను. ఆ సాయంత్రం సదయ్య పక్కన కూర్చుని అన్నం తిన్నాను, అతనికి చెప్పలేదు. అతను నిద్రపోలేదు.

ఎల్లేశం, ఫిట్టర్.

దీప గడప దగ్గర నిలబడి ఉంది.  చెయ్యి చాపింది.